పరదా గుర్తు

రెండో నంబరు లేడీస్ హాస్టల్ మెస్సులో మధ్యాహ్నం మూడింటికి పొయ్యిలు ఆరిపోతాయి, ఐదింటికి మళ్లీ వెలుగుతాయి. రోజు మొత్తంలో ఈరమ్మకు తనవంటూ దొరికేవి ఆ రెండు గంటలే. వెనక వరండాలో గోడకానుకుని, కాళ్లు బారజాపి, మోచేతులకు ఎండిపోయిన పిండిని గోటితో గీకి తీసుకుంటూ కూర్చుంటుంది. పంతొమ్మిదేళ్లుగా ఆ మెస్సులో రొట్టెల పొయ్యి ఆమెదే. కాంట్రాక్టర్లు నలుగురు మారారు గానీ పొయ్యి దగ్గర మనిషి మారలేదు.

ఆ సోమవారం ఆమె పక్కన, బోర్లించిన పప్పు గంజు మీద లాప్‌టాప్ పెట్టుకుని ప్రిస్కిల్లా కూర్చుంది. ప్రిస్కిల్లా ఆ యూనివర్సిటీలోనే సోషియాలజీలో పీహెచ్‌డీ చేస్తోంది. క్యాంపస్‌లో కాంట్రాక్టు కింద పనిచేసే ఆడవాళ్ల బతుకుల మీద ఆమె పరిశోధన.

"గీ మాట రాయకు బిడ్డా," అంది ఈరమ్మ ఉన్నట్టుండి.

ప్రిస్కిల్లా వేళ్లు ఆగాయి. "ఏ మాట అక్కా?"

"గదే. రాములవ్వ మాట."

రాములవ్వ కూడా ఆ మెస్సు మనిషే. కూరగాయలు తరుగుతుంది. పోయిన ఏడాది పిండి కలిపే మిషన్‌లో పడి ఆమె కుడిచేతి రెండు వేళ్లు సగానికి తెగిపోయాయి. మిషన్ మూత విరిగి ఆరు నెలలైనా బాగు చేయించిన పాపాన ఎవరూ పోలేదు. నెత్తురోడుతున్న మనిషిని ఆటో ఎక్కిస్తూనే సూపర్‌వైజర్ చెవిలో చెప్పాడట, ఇంట్లో గ్రైండర్‌లో పడ్డాయని చెప్పమని. ఆస్పత్రిలో రాములవ్వ అలాగే చెప్పింది. ఇంతవరకు ఈరమ్మ ఎప్పుడో చెప్పింది, ప్రిస్కిల్లా ఎప్పుడో రాసుకుంది. ఇవాళ మాటల్లో మాటగా మిగిలిన సగం బయటికొచ్చింది. రాములవ్వ ఊరికే నోరు మూసుకోలేదు. మూసుకుంటే ఆమె కూతురు వనజను హాస్టల్ స్టోర్ రూములో పనికి పెడతామన్నారు. పెట్టారు.

"నా చేతిల చెయ్యేసుకొని ఏడ్సుకుంట చెప్పింది బిడ్డా. ఇంకెవ్వరికి ఎర్కలేదు. ఎట్లనో నోట్లకెళ్లి ఎల్లింది."

"పేర్లు బయటికి రావక్కా. ఇందులో నువ్వు ఈరమ్మవి కావు, మల్లమ్మవి. ఇదిగో చూడు."

ప్రిస్కిల్లా లాప్‌టాప్‌ను ఆమె వైపు తిప్పింది. అందులో ఉన్నది బజార్లో దొరికే సాఫ్ట్‌వేర్ కాదు. అవన్నీ వాడి వాడి విసిగిపోయింది ఆమె. ఒకటి తెలుగు ఒత్తులను విరగ్గొట్టేది. ఒకటి నెట్ లేకపోతే నోరు తెరిచేది కాదు, మెస్సు వెనక సిగ్నలేమో ఉండదు. ఇంకొకటి ఓ తెల్లారి పాత నోట్సు చదవనని మొరాయించింది. ముక్కు మీద కోపం గల పిల్ల గనక, వీటిని బతిమాలేది లేదనుకుని, యూట్యూబ్ చూసీ వాళ్లనీ వీళ్లనీ అడిగీ రెండేళ్లు కూర్చుని తనే ఓ ఎడిటర్ తయారుచేసుకుంది. దానికి అల్లిక అని పేరు పెట్టింది. ఒక్కో మనిషికి ఒక్కో పేజీ. ఏ మాట చుట్టూ బ్రాకెట్లు పెట్టినా ఆ మాట తలుపైపోయి ఇంకో పేజీలోకి తెరుచుకుంటుంది. మిషన్ అన్న మాట మీద నొక్కితే మిషన్ గురించి ఏ ఆడమనిషి ఏమన్నదో అంతా వరసగా వస్తుంది. ముందు నక్షత్రం పెడితే అది శీర్షిక. అలాంటి గుర్తులు మొత్తం నాలుగే. నేర్చుకోవడానికి పది నిమిషాలు చాలు.

వాటిలో నాలుగోది ప్రిస్కిల్లాకు ప్రాణం. లైను ముందు రెండు చుక్కలు పెడితే ఆ లైను తెర మీద కనపడదు. దాన్ని ఆమె పరదా గుర్తు అనేది.

"ఇగో, రాములవ్వ మాట రాశాను కదా. దీని ముందు రెండు చుక్కలు పెడుతున్నా. చూస్తుండు."

రెండు చుక్కలు పడ్డాయి. లైను మాయమై, కింది లైను పైకి జరిగింది. ఈరమ్మ ముందుకు వంగింది. కొంగుతో వేలు తుడుచుకుని, ఆ లైను ఉన్న చోట తెర మీద మెల్లగా రాసింది.

"గాయబేనా?"

"గాయబే."

"మల్ల రాదా?"

"నేను మీట నొక్కితేనే వస్తుంది."

"నువ్వు తప్ప ఎవ్వరు నొక్కరు గద?"

"ఎవ్వరూ నొక్కరక్కా."

ఈరమ్మ కాసేపు ఆ ఖాళీని చూసి, మళ్లీ గోడకానుకుంది. "అయితే రాస్కో," అంది. అలా మిగిలిన సంగతంతా చెప్పింది. వనజను ఏ రోజు తీసుకున్నారో, సూపర్‌వైజర్ ఏమన్నాడో, రాములవ్వ ఎలా ఏడ్చిందో. ప్రిస్కిల్లా ప్రతి లైను ముందూ శ్రద్ధగా రెండు చుక్కలు పెట్టుకుంటూ పోయింది. ఆ పేజీ మొదట్లో అదే పరదా కింద ఇంకో లైను ముందే ఉంది: అసలు పేరు ఈరమ్మ, రెండో నంబరు మెస్సు, రొట్టెల పొయ్యి.

* * *

మంగళవారం పొద్దున వెంకటేశం సార్ పిలిపించారు. ఆయన ప్రిస్కిల్లాకు గైడు. పల్లె నుంచి వచ్చి, హాస్టల్ అన్నం తిని చదివి ప్రొఫెసరైన మనిషి. గొంతు పెంచి ఎవరినీ ఒక మాట అనరు. ఆ మెత్తదనం వల్లనే ఆయనకు కాదని చెప్పడం కష్టం.

"శుక్రవారం వర్క్‌షాపున్నదమ్మా. క్యాంపస్ కార్మికుల రిపోర్టు రిలీజ్ చెయ్యాలె. రాసింది చూస్తే అంతా ఉత్త లెక్కలు, పటాలే ఉన్నయి. మనుషుల మాట ఒక్కటి లేదు. నీ ఫీల్డ్ నోట్స్ ఇస్తివంటే అనుబంధంగ వేస్తం. ఉన్నదున్నట్టు వేస్తే రిపోర్టుకు బరువొస్తది."

"థీసిస్ ఇంకా కాలేదు కదా సార్."

"థీసిస్ ఎటువోతది? నీదే గద. పేర్లు మార్చినవా?"

"మార్చాను సార్. అసలు పేరు ఒక్కటి కూడా కనపడదు."

అబద్ధం చెప్పలేదు. తన తెర మీద ఆమెకు నిజంగానే కనపడేవి కావు. రెండేళ్లుగా ఆ లైన్లు లేని పేజీలనే చదువుకుంటూ, అవే నోట్సు అనుకోవడానికి అలవాటు పడింది. ఆ క్షణంలో ఆమె మనసంతా ఇంకో దాని మీదుంది.

"సార్, ముందుమాటలో ఎడిటర్ గురించి ఒక్క లైను... నేను తయారుచేశానని."

"రాస్తం. ఎందుకు రాయం?" అన్నారు సార్.

ఆ ఒక్క మాటకు ప్రిస్కిల్లా కడుపు నిండిపోయింది. కంప్యూటర్ చదివినవాళ్లు ఆ ఎడిటర్ని చూసి నవ్వారు. సోషియాలజీ వాళ్లకేమో అదేమిటో అర్థం కాలేదు. రెండేళ్ల పనికి ఒక లైను అచ్చులో వస్తుందంటే ఎవరికైనా ఆశగానే ఉంటుంది మరి.

రిపోర్టు కూర్చే పని సాయితేజది. ఆమె కన్నా రెండేళ్లు జూనియర్ స్కాలర్. పెన్‌డ్రైవ్‌లో ఎడిటర్నీ నోట్సున్న ఫోల్డర్నీ రెండిటినీ వేసి, ఆర్ట్స్ బ్లాక్ మెట్ల దగ్గర అతని చేతిలో పెట్టింది.

"ఎడిటర్ తెరిచి ప్రింటు మీట నొక్కితే చాలు, అన్నీ వరసగా వచ్చేస్తాయి."

"ఓపెన్ గాకుంటే అక్కా? మన సిస్టంలు పాతవి గద."

"కాకపోయినా ఏం పర్లేదు. లోపల ఉన్నవి ఉత్త అక్షరాలే. ఏ మిషన్‌లోనైనా, ఎందులోనైనా తెరుచుకుంటాయి. అదే కదా దీని గొప్ప."

ఎవరితోనైనా ఆమె చెప్పే మాటే అది. ఈ ఎడిటర్ పోయినా, నేను పోయినా, నా నోట్సు పోవు అనేది. సాయితేజ తలూపి పెన్‌డ్రైవ్ జేబులో వేసుకున్నాడు.

* * *

శుక్రవారం పొద్దున తొమ్మిదిన్నరకే సెమినార్ హాల్లో కుర్చీలన్నీ నిండాయి. అడిక్‌మెట్ జిరాక్స్ షాపులో స్పైరల్ బైండింగ్ చేయించిన కాపీలు ముందు బల్ల మీద పేర్చారు. హాస్టల్ వార్డెన్లకు, ఆఫీసుకు, మెస్సు కాంట్రాక్టర్లకు కూడా పంపారు. సంబంధం ఉన్నవాళ్లందరికీ చేరాలని సార్ పట్టుదల. అంతకు ముందు రోజే వాట్సాప్ గ్రూపుల్లోనూ పెట్టేశారు.

ప్రిస్కిల్లా కాపీ అందుకోగానే ముందుమాట తీసింది. నాలుగు పేజీలు. వేలు పెట్టి లైను లైనూ వెతికింది. నిధులిచ్చిన సంస్థ ఉంది, వైస్ ఛాన్సలర్ ఉన్నారు, టీ తెచ్చిన అటెండర్ పేరు కూడా ఉంది. ఆమె పేరు లేదు. కృతజ్ఞతలు చూసింది. రచయితల జాబితా చూసింది. అట్టలోపలి పేజీ చూసింది. అనుబంధం మొదటి పేజీ పైన మటుకు 'ఫీల్డ్ నోట్స్: డిపార్ట్‌మెంట్ బృందం' అని ఉంది. అక్కడితో పుస్తకం టప్పున మూసేసింది.

వేదిక మీద ఎవరో మాట్లాడుతున్నారు. కార్మికుల గొంతు, కార్మికుల మాట అని పదే పదే అంటున్నారు. ఆమె చెవికి ఏదీ ఎక్కలేదు. టీ విరామంలో సాయితేజ ఎదురుపడ్డాడు.

"మీ ఎడిటర్ ఓపెన్ కాలేదక్కా. ఫోల్డర్ను డైరెక్ట్‌గ వేరే సాఫ్ట్‌వేర్ల ఏసిన. మీరే చెప్పిండ్రు గద, ఎందుల్నైన తెరుచుకుంటదని."

ఆ మాటలో ఉన్న ప్రమాదం ఆమెకు వినపడలేదు. తన ఎడిటర్ని పక్కన పడేశారన్న అవమానమే వినపడింది. నేరుగా సార్ దగ్గరికి వెళ్లింది. ఆయన సమోసా ప్లేటు పట్టుకుని ఉన్నారు.

"తొందరల మిస్సయిందమ్మా. మల్ల వేసినప్పుడు పెడదం," అన్నారు మెత్తగా.

"అటెండర్ పేరు మిస్సవలేదు కదా సార్."

సార్ ప్లేటు మీద చూపు పెట్టి చట్నీలో సమోసా ముంచుకున్నారు. ప్రిస్కిల్లా బ్యాగు భుజాన వేసుకుని, సాయంత్రం దాకా ఉండకుండానే బస్సెక్కి తార్నాక వచ్చేసింది. దారి పొడుగునా సార్‌కు రాయబోయే ఉత్తరాన్ని మనసులో నాలుగు సార్లు రాసి నాలుగు సార్లు దిద్దింది.

ఇంట్లో అమ్మ మేరీ కాపీ చూసి ముచ్చటపడింది. కోస్తా నుంచి వచ్చి మిషన్ స్కూల్లో ముప్పై ఏళ్లు టీచరుగా చేసి రిటైరైన మనిషి. ఏ పుస్తకమైనా చివరి పేజీ నుంచి తిరగేయడం ఆవిడ అలవాటు. ఆన్సర్ పేపర్లు దిద్దీ దిద్దీ వచ్చిన అలవాటది. పిల్లలు ముందు పేజీలు బాగానే రాస్తారు, వెనక పేజీల్లోనే అసలు సంగతి బయటపడుతుంది అనేది. కూతురు వంటింట్లో గిన్నెల మీద కోపం చూపిస్తుంటే ఆవిడ ముందుగదిలో కూర్చుని అనుబంధం చదవసాగింది.

"ప్రిస్కీ, ఈ ఈరమ్మ ఎవరమ్మా?"

గిన్నెల చప్పుడు ఆగిపోయింది.

"మొదట మల్లమ్మ అని రాశారు, కింద అసలు పేరు ఈరమ్మ అని ఉంది. రొట్టెల పొయ్యంట. ఎవరో రాములవ్వ వేళ్లు తెగిపోతే, కూతురికి పని ఇస్తామని నోరు మూయించారంట. చదువుతుంటే కడుపు తరుక్కుపోతోంది. ఇలా పేర్లు పెట్టి రాయొచ్చామ్మా?"

ప్రిస్కిల్లా తడి చేతులతోనే వచ్చి పుస్తకం లాక్కుంది. రెండేళ్లుగా తన తెర మీద లేని లైన్లన్నీ అక్కడ బారులు తీరి ఉన్నాయి. ఒక పేజీ తిప్పింది. ఇంకో పేజీ తిప్పింది. నలభై మంది ఆడవాళ్లు, ఏ మెస్సో, ఏ బ్లాకో, ఎవరి గురించి ఎవరు ఏమన్నారో, అంతా ఉంది. చుక్కలు మాత్రం లేవు. సాయితేజకు ఫోన్ చేసింది.

"గవా అక్కా? లైన్ల ముందు ఉత్తగ రెండు రెండు చుక్కలున్నయి. గలీజ్ కనవడ్తున్నయని తీసేసిన," అన్నాడు అతను, మెప్పు కోసం చూస్తున్నట్టే.

* * *

ప్రిస్కిల్లా హాస్టల్ దగ్గర ఆటో దిగేసరికి ఏడు కావస్తోంది. మెస్సులో భోజనాలు మొదలయ్యాయి. ప్లేట్లు పట్టుకున్న అమ్మాయిల వరసను తప్పించుకుని వంటగదిలోకి పోయింది. రొట్టెల పొయ్యి దగ్గర ఎవరో కొత్తామె ఉంది. పెనం మీద రొట్టె తిప్పడం రాక అంచులు మాడుస్తోంది.

"ఈరమ్మక్క ఏది?"

"నాకెర్కలేదు మేడం. నన్ను పగటి అన్నాల యాళ్లకు వచ్చి నిలబడుమన్నరు."

రాములవ్వ మూలన పీట మీద కూర్చుని ఉల్లిగడ్డలు తరుగుతోంది. ప్రిస్కిల్లాను చూసి కత్తి కింద పెట్టింది. కుడిచేతిని కొంగు కిందికి లాక్కుని గోడ వైపు తిరిగి కూర్చుంది. ప్రిస్కిల్లా "అవ్వా" అంది. ఆమె తిరగలేదు. ఉల్లిగడ్డల మీద ఈగలు ముసురుతున్నా ఆ చేయి బయటికి తీయలేదు.

బయట గేటు దగ్గర వాచ్‌మన్ పేరయ్య చెప్పాడు. పొద్దున టిఫిన్లు కాగానే సూపర్‌వైజర్ ఈరమ్మను పిలిచి, ఇక పనికి రావద్దన్నాడట. ఆమె చేయి కడుక్కుని, తన చెప్పుల సంచి తీసుకుని, ఎవరితో ఏమీ అనకుండా వెళ్లిపోయిందట. వనజను సోమవారం దాకా చూసి చెబుతామన్నారట. ప్రిస్కిల్లా వేళ లెక్క చూసుకుంది. టిఫిన్లు అయ్యేది తొమ్మిదిన్నరకు. ఆ సమయానికి తను ముందుమాటలో తన పేరు వెతుక్కుంటోంది. ఆ సంగతి తలుచుకుంటే ఆమెకు తన మీద తనకే రోత పుట్టింది.

శనివారం ఆమె వెళ్లకముందే వెంకటేశం సార్ కబురు పెట్టారు. ఆయన ముఖం పీక్కుపోయి ఉంది. బల్ల మీద టైపు చేసిన కాగితం ఒకటి సిద్ధంగా ఉంది.

"నాకు తెల్వదమ్మా, పేర్లున్నయని. నువ్వు లేవన్నవు," అన్నారు. అది నిందలాగా కాదు, అలసిపోయి అన్నారు. "కాంట్రాక్టరు కోర్టుకు పోతనంటున్నడు. పైనుంచి ఫోన్లు. ఒక్కటే దారి ఉన్నది. సదువుకో."

అనుబంధంలోని పేజీలు తను తయారుచేసిన ఎడిటర్ పనితీరును పరీక్షించడం కోసం ఊహించి రాసుకున్నవని, వాటిలోని మనుషులూ సంఘటనలూ నిజం కావని, పొరపాటున రిపోర్టులో కలిసిపోయాయని ఆ కాగితంలో ఉంది. కింద ఆమె పేరు, సంతకానికి ఖాళీ.

"ఇది రాస్తే ఈరమ్మను తీసుకుంటరంట. వనజను గూడ పనిలకెళ్లి తియ్యరంట. అన్నీ మాట్లాడిన."

"నా పరిశోధన సార్?"

"దీని మీద ఇగ నడువది. వేరే టాపిక్ చూద్దాం."

"నలభై మంది చెప్పింది అబద్ధమని నేనెలా రాస్తాను సార్? వేళ్లు తెగింది అబద్ధమా?"

సార్ ఆ కాగితాన్ని ఆమె వైపు జరిపారు. "నేను రాయమంటలేను. ఆలోచించుకోమంటున్న," అన్నారు. ప్రిస్కిల్లా కాగితం మడిచి బ్యాగులో పెట్టుకుని లేచింది.

* * *

ఆదివారం అమ్మ చర్చికి రమ్మంటే రానని, వారాసిగూడ వెళ్లింది. సందులు సందులు తిరిగి, ఇద్దరు ముగ్గుర్ని అడిగి, ఈరమ్మ ఇల్లు పట్టుకుంది. ఒకే గది. ఈరమ్మ గడపలో కూర్చుని చేటలో బియ్యం ఏరుతోంది. రమ్మనలేదు, పొమ్మనలేదు. కాస్త పక్కకు జరిగింది. ప్రిస్కిల్లా మెట్టు మీద కూర్చుంది.

"పుస్తకం తెచ్చినవా?" అని అడిగింది ఈరమ్మ.

"తెచ్చాను."

"సదువు. నేను జెప్పింది ఏమున్నదో సదువు."

ప్రిస్కిల్లా చదివింది. ఈరమ్మ బియ్యంలోంచి చేయి తీయకుండా విన్నది. రాయి దొరికితే తీసి గోడ వారకు విసురుతోంది. రాములవ్వ ఏడుపు దగ్గరికొచ్చేసరికి ఆ చేయి ఆగిపోయింది. తర్వాత మళ్లీ కదిలింది.

"ఒక్కటి గూడ తప్పు రాయలే," అంది అంతా అయ్యాక. "నేనెట్ల చెప్పిన్నో గట్లనే ఉన్నది."

"అక్కా..."

"గాయబైతదంటివి. నా కండ్లతోని చూస్తి. గాయబాయె."

"నా ఎడిటర్‌లో కనపడదక్కా. దాన్ని వేరే దాంట్లో తెరిస్తే మాత్రం..."

"మల్ల కనవడ్తదా?"

"కనపడుతుంది."

ఈరమ్మ మొదటిసారి తలెత్తి ఆమె కళ్లలోకి చూసింది. "గది నీకు ముందుగాల ఎర్కనేనా?"

తప్పించుకోవాలంటే చెప్పడానికి చాలా ఉన్నాయి. సాయితేజ చుక్కలు తీసేశాడు, సార్ తొందరపెట్టారు, కంప్యూటర్ పాతది. కానీ ఆ గుర్తు పెట్టింది తనే, ఆ అక్షరాలు అడుగున అలాగే ఉంటాయని తెలిసిందీ తనకే. ఏ మిషన్‌లోనైనా తెరుచుకుంటాయని ఊరంతా చెప్పుకుని మురిసిందీ తనే.

"తెలుసక్కా," అంది ప్రిస్కిల్లా. "ఇచ్చేటప్పుడు గుర్తుకు రాలేదు."

ఈరమ్మ చేట దులిపి పక్కన పెట్టింది. సందులోంచి ఎవరో గ్యాస్ బండ దొర్లించుకుంటూ పోతున్నారు. ప్రిస్కిల్లా బ్యాగులోంచి కాగితం తీసి, దానిలో ఏముందో, సంతకం పెడితే ఏమవుతుందో, అంతా చెప్పింది.

"నా కోసమైతే రాయకు," అంది ఈరమ్మ. "నేను చెప్పిన మాట చెప్పలేదని ఎందుకంట? రొట్టెలు చేసెటోళ్లకు యాడనైన పొయ్యి దొరుకుతది. వాళ్లు నన్ను మల్ల తీసుకుంటరని గూడ నాకైతే నమ్మకం లేదు."

"నాకూ రాయాలని లేదక్కా."

"రాములవ్వ కోసం రాయి."

ప్రిస్కిల్లా ఆమె వైపు చూసింది.

"నిన్న ఆమె ఇంటికి వోయిన. తలుపు తియ్యలే. ఇరవై ఏండ్ల దోస్తానా బిడ్డా. లోపట ఉండి ఏమన్నదో ఎర్కనా? నా బిడ్డ పని కోసం నేను చేతి వేళ్లు అమ్ముకున్ననని మెస్సంత అంటున్నరట. వనజ పని గూడ పోతే ఆమెకు ఇగ ఏం మిగుల్తది? అంతా అబద్ధమని రాసియ్యి."

"అబద్ధమంటే ఆ మిషన్ అలాగే ఉంటుందక్కా. రేపు ఇంకొకరి వేళ్లు పోతాయి."

"నిజమని రాస్తివి గద. మూత ఏసిండ్రా?"

ప్రిస్కిల్లా కాగితం మళ్లీ బ్యాగులో పెట్టుకుంది. లేచి నిలబడింది. క్షమించమని అడగాలని ఉంది, అడిగే ముఖం లేదు. ఈరమ్మ చేట తీసుకుని లోపలికి పోతూ గడపలో ఆగింది.

"ఇగ రాకు బిడ్డా. నిన్ను చూస్తే ఏదో ఒకటి చెప్పబుద్ధైతది."

* * *

సోమవారం పదిన్నరకు సార్ గదిలో ప్రిస్కిల్లా సంతకం పెట్టింది. ఆ కాగితానికి నకళ్లు తీసి రిపోర్టు వెళ్లిన చోటికల్లా పంపారు. మొత్తానికి ఆమె పేరు అచ్చులోకి వచ్చింది, ఎడిటర్ తయారుచేసింది ఆమేనన్న మాటతో సహా. సాయితేజ ఆ కాపీలకు పిన్నులు కొడుతూ ఆమె వైపు చూడలేకపోయాడు. నోట్సు ఫోల్డర్ కూడా తీసేయమని పైనుంచి చెప్పారన్నారు సార్. ఆయన చూస్తుండగానే తీసేసింది. నలభై మంది పోవడానికి టీ తాగినంత సేపు కూడా పట్టలేదు.

గురువారం దాకా చూసింది. ఈరమ్మను పిలిచినట్టు ఎక్కడా వినపడలేదు. లాలాపేట్‌లో ఒక కర్రీ పాయింట్ దగ్గర రొట్టెలు చేస్తోందని పేరయ్య చెప్పాడు. ఉండబట్టలేక మెస్సుకు వెళ్లింది. మధ్యాహ్నం మూడైంది, పొయ్యిలు ఆరిపోయి ఉన్నాయి. సూపర్‌వైజర్ స్టోర్ ముందు కుర్చీలో కూర్చుని ఫోన్ చూసుకుంటున్నాడు.

"ఆమె ఏం అనలేదని మాకు తెల్సు మేడం. మీరే రాసిచ్చిండ్రు గద," అన్నాడు మర్యాదగానే. "జాగ ఖాళీ లేదు. ఉన్నప్పుడు చెప్తం."

వెనక స్టోర్లో వనజ బియ్యం బస్తాల మీద నంబర్లు రాస్తోంది. ప్రిస్కిల్లాను చూసి చిన్నగా తలూపింది. ఇంక అక్కడ చేసేదేమీ లేదు. వెనక వరండా మీదుగా గేటు వైపు నడిచింది. పిండి కలిపే మిషన్ అక్కడే ఉంది, మూత లేకుండానే. కొత్తామె దాని మీద వంగి, లోపల అంటిన పిండిని చేత్తో గీకుతోంది.

"బిడ్డా," అని ఎవరో పిలిచారు.

రాములవ్వ. కొళాయి దగ్గర నుంచి వస్తోంది. ఇద్దరికీ నడుమ రెండడుగుల దూరంలో ఆగి, చుట్టూ ఒకసారి చూసింది.

"కాయితం రాసినవంట గద. వనజ సదివి ఇనిపిచ్చింది. గాడ గట్లాంటిది ఏం కాలేదని మంచిగ రాసినవ్." ఆమె గొంతులో ఎక్కడా వెటకారం లేదు. "నేను మొదటికెల్లి అంటనే ఉన్న, ఇంట్ల గ్రైండర్ల వడ్డయని. ఎవరు నమ్మిండ్రు? ఇప్పుడు అందరికి తెల్సింది."

ప్రిస్కిల్లా భుజం మీది బ్యాగు కిందికి దించింది.

"సల్లగుండు బిడ్డా," అని రాములవ్వ దగ్గరికొచ్చి, కొంగు కింది నుంచి కుడిచేయి తీసి ఆమె తల మీద పెట్టింది. అరచేయి తడిగా ఉంది. రెండు వేళ్లు సగం దాకే ఉన్నాయని తల మీద తెలుస్తూనే ఉంది. ప్రిస్కిల్లా తల వంచుకుని, ఆమె చేయి తీసేదాకా అలాగే నిలబడింది.